రబాడాకు ఇలాజ్, మన గల్లీ పిల్లగానికి అదాలత్

2025 మే మొదటి వారం సంగతి. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో మగ్రిబ్ తర్వాత మా దోస్తులం నలుగురం కూర్చున్నాం. టీవీలో రబాడా మొహం. నషా పదార్థం వాడి పరీక్షలో దొరికాడట, నెల రోజులు ఆటకు దూరంగా ఉన్నాడట, మళ్లీ ఐపీఎల్‌కు వస్తున్నాడట.

"నెల రోజులా? బస్?" అని మావాడొకడు కప్పును సాసర్‌లో ఠక్కున పెట్టాడు. "మా పిల్లగాడు ఫీజు కట్టకపోతే స్కూలోళ్లు ఇంతకంటే ఎక్కువ రోజులు బయట నిలబెడతరు. జిందగీ భర్ బ్యాన్ చెయ్యాలె మియా!"

మిగతా ఇద్దరూ హౌ హౌ అన్నారు. నేను మాత్రం "నెల రోజులు సరిగ్గానే ఉంది" అన్నాను. ముగ్గురూ నా వైపు ఎట్లా చూశారంటే, నేనే ఏదో పీల్చి వచ్చినట్టు చూశారు.

ఆ రోజు చాయ్ చల్లారేదాకా చెప్పినా నా మాట ఎవరూ వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు హిసాబ్ సరిగ్గా చూద్దాం. 2025 జనవరిలో సౌతాఫ్రికా లీగ్ ఎస్ఏ20 ఆడుతున్నప్పుడు రబాడా శాంపిల్ తీసుకున్నారు. ఏప్రిల్ మొదట్లో గుజరాత్ టైటాన్స్‌ను వదిలి ఇంటికి పోయాడు. "వ్యక్తిగత కారణాలు" అన్నది టీమ్. మన సిరాజ్ కూడా అదే టీమ్ కాబట్టి హైదరాబాద్‌లో చాలామంది గుజరాత్ మ్యాచులు వదలకుండా చూశారు. రబాడా ఏడీ అని అప్పుడే అడిగారు. నెల గడిచాక అతనే అసలు సంగతి చెప్పి మాఫీ అడిగాడు.

ఈ నెల రోజుల లెక్క ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2021 కోడ్‌లో ఒక కొత్త ఖానా తెరిచింది. కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ, గంజాయిలో ఉండే టీహెచ్‌సీ, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఆటగాడు వీటిని పోటీ లేని సమయంలో, ఆటతో తాల్లుక్ లేకుండా వాడానని రుజువు చేసుకుంటే నిషేధం మూడు నెలలు. ఇలాజ్ కార్యక్రమం పూర్తి చేస్తే ఒక్క నెల. న్యూజిలాండ్ బౌలర్ డగ్ బ్రేస్‌వెల్ 2024లో కొకైన్‌కు దొరికినప్పుడూ ఇదే లెక్క: మూడు నెలలది ఇలాజ్ వల్ల నెల అయింది.

మా దోస్తు అప్పుడు పృథ్వీ షాను తీసుకొచ్చాడు. "దగ్గు మందు తాగిన పిల్లగానికి 8 నెలలు, నషా చేసినోడికి నెలనా? ఇదేం ఇన్సాఫ్?" సవాల్ గట్టిదే. 2019లో షా శాంపిల్‌లో టెర్బుటలిన్ దొరికింది. దగ్గు మందులో తెలియక తీసుకున్నాడని బోర్డే ఒప్పుకుంది. అయినా 8 నెలలు వేసింది. నా జవాబు ఒక్కటే: షాకు ఎక్కువ పడింది. ఒకరికి జులుం జరిగిందని ఇంకొకరికీ జులుం చెయ్యాలనడం ఇన్సాఫ్ ఎట్లా అవుతుంది?

స్టెరాయిడ్ సూది వేసుకుని వికెట్ తీసినవాడు అవతలి ఆటగాడి హక్కును దోచుకున్నాడు. వాడు దొంగ. శనివారం రాత్రి నషా చేసినవాడు దోచుకున్నది తన ఒంటినీ, తన ఇంటి ఇజ్జత్‌నూ. వాడు మరీజ్ కావచ్చు, బేవకూఫ్ కావచ్చు. ఈ ఇద్దరికీ ఒకే తూకం పెట్టకూడదని ఆటల లోకానికి అర్థం కావడానికే ఇన్నేళ్లు పట్టింది.

మన హైదరాబాదీలం ఇప్పుడు చెవులు మూసుకుంటున్నాం గానీ, మనం ఎవరికి చప్పట్లు కొట్టామో ఒక్కసారి యాద్ చేసుకోండి. 2009లో డెక్కన్ చార్జర్స్ కప్పు గెలిచిన ఫైనల్లో 53 నాటౌట్ కొట్టింది హర్షెల్ గిబ్స్. 2001లో వెస్టిండీస్ టూర్‌లో గంజాయి తాగి జరిమానా కట్టిన గిబ్స్ ఆయనే. 2018లో మన సన్‌రైజర్స్‌కు ఆడిన అలెక్స్ హేల్స్‌కు మరుసటి ఏడాదే రిక్రియేషనల్ డ్రగ్ కేసులో ఇంగ్లండ్ బోర్డు 21 రోజుల నిషేధం వేసి, వరల్డ్ కప్ టీమ్ నుంచి కూడా తీసేసింది. అదే హేల్స్ 2022లో అడిలైడ్ సెమీఫైనల్లో మన బౌలర్లను ఉతికి 86 నాటౌట్ కొట్టాడు. రబాడా కూడా అంతే. జూన్‌లో లార్డ్స్‌లో టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్లో 9 వికెట్లు తీసి సౌతాఫ్రికాకు గద అందించాడు.

పడ్డవాళ్లు లేచారు. లేవడానికి వాళ్లకు చెయ్యి దొరికింది. ఆ చెయ్యి ఇంకెవరికి దొరుకుతోంది? హోటల్లో నేను అడగాలనుకున్నది ఇదే.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత కితాబులు అమ్మే ఒక పెద్దమనిషి నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. పేరు రాయను. నేను ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు డిగ్రీలో చేరినప్పుడు నా సిలబస్ పుస్తకాల్లో సగం ఆయన దగ్గరే కొన్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. అట్ట చూసి, మందం చూసి ధర చెప్తాడు. కొన్ని నెలల కింద ఒక ఆదివారం కితాబుల కింద నుంచి మడతపెట్టిన కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"సాబ్, జర పఢ్ కే బోలో. బచ్చే పే క్యా లిఖ్ఖే?"

అది తెలుగులో రాసిన ఎఫ్ఐఆర్. ఆయన చిన్న కొడుకుకు 19 ఏళ్లు. ఫాస్ట్ బౌలర్. సిటీ లీగ్‌లో ఒక క్లబ్బుకు కొత్త బంతి వేసేవాడు. మోకాలు పట్టేసి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఖాళీగా ఉన్నప్పుడు దోస్తులతో గంజాయి అలవాటైంది. ఒక రాత్రి నాలుగు సిగరెట్లకు సరిపోయే మాల్‌తో పోలీసులకు దొరికాడు. నేను తెలుగులో చదువుతూ ఉర్దూలో చెప్తుంటే ఆ తండ్రి తల వంచుకుని ఒక డిక్షనరీ దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. ఇరవై ఏళ్లలో ఆయన ముందు నేను చదివిన తెలుగులో అంత బరువైనది ఇంకోటి లేదు.

క్లబ్బువాళ్లు ఆ పిల్లగాణ్ణి ఏమీ అడగలేదు. వాట్సాప్ గ్రూప్ నుంచి తీసేశారు, అంతే. విచారణ లేదు, డాక్టర్ లేడు, మూడు నెలలో నెలో అన్న లెక్క లేదు. రబాడాకు నిషేధం ఏ రోజు ఖతం అవుతుందో ముందే తెలుసు. ఈ పిల్లగానికి ఎవరూ తారీఖు చెప్పలేదు. తారీఖులన్నీ నాంపల్లి క్రిమినల్ కోర్టులో పడ్డాయి. ఎల్బీ స్టేడియం నుంచి అక్కడికి నడిచి పోవచ్చు. ఒకప్పుడు ఫతే మైదాన్‌లో బౌలింగ్ వెయ్యాలని కలగన్న పిల్లగాడు ఇప్పుడు జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లకు స్క్రీన్ గార్డులు అంటిస్తూ, పేషీ రోజు సెలవు అడుక్కుంటున్నాడు.

వకీల్ ఏమన్నాడు? "గుల్తీ ఒప్పుకో, జరిమానా కట్టు, ఛుట్టీ." ఛుట్టీ ఎక్కడిది జనాబ్? ఒప్పుకుంటే ముజ్రిమ్ అన్న ముద్ర పడుతుంది. రేపు గల్ఫ్‌కో, ఒక మామూలు ఉద్యోగానికో పోవాలంటే పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆ ముద్ర అడ్డం నిలబడుతుంది.

తమాషా ఏమిటంటే మన చట్టంలో కూడా రహం ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం గంజాయి తాగితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కొకైన్, హెరాయిన్ అయితే ఏడాది, 20 వేలు. ఇది అందరికీ తెలుసు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. నషాకు బానిసైనవాడు తన ఇష్టంతో ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో ఇలాజ్‌కు పోయి పూర్తి చేస్తే, వాడిన నేరానికీ, చిన్న మోతాదు కేసుకూ విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. శిక్ష వేసే బదులు ఇలాజ్‌కు పంపే అధికారం 39వ సెక్షన్ అదాలత్‌కు ఇచ్చింది. వాడా 2021లో చేసిన పని మన పార్లమెంటు అంతకు ఎన్నో ఏళ్ల ముందే కాగితం మీద చేసి పెట్టింది. ఆ కాగితం ఆ తండ్రికి చదివి చెప్పినవాడు లేడు.

ఇందులో నా కసూర్ కూడా ఉంది. 2017 జులైలో ఇదే నాంపల్లి ఆబ్కారీ భవన్‌కు డ్రగ్స్ కేసులో సినిమావాళ్లను విచారణకు పిలిచినప్పుడు గేటు బయట కెమెరాల మధ్య నేనూ నిలబడ్డాను. ఎవరు ఏ రంగు షర్టులో వచ్చారు, లోపల ఎన్ని గంటలున్నారు, ఇదే మా రిపోర్టింగ్. ఈ ఊర్లో నషా వదలాలనుకునే పిల్లగాడు ఎక్కడికి పోవాలి అని మాలో ఒక్కరం కూడా రాయలేదు. నేనూ రాయలేదు.

"స్టార్లను వదిలేస్తే పిల్లలు చెడిపోతారు" అంటారు. భయం నిజమైనదే. అయితే భయంతో చట్టాలు చేస్తే ఏమవుతుందో అమెరికా చూపించింది. 1986 జూన్‌లో లెన్ బయస్ అనే బాస్కెట్‌బాల్ కుర్రాణ్ణి బోస్టన్ టీమ్ ఎంచుకుంది. రెండు రోజుల తర్వాత కొకైన్‌తో చనిపోయాడు. దేశం అట్టుడికింది. అదే ఏడాది అక్టోబర్‌లో కఠిన చట్టం వచ్చింది. పేదల గల్లీల్లో దొరికే క్రాక్ 5 గ్రాములకు ఎంత సజానో, డబ్బున్నవాళ్ల పౌడర్ కొకైన్ 500 గ్రాములకు అంతే సజా! ఆ చట్టం కింద జైళ్లు నిండింది ఎక్కువగా నల్లవాళ్లతో. ఆ తేడాను తగ్గించడానికి 2010 దాకా పట్టింది. ఎన్‌బీఏ ఏమో 2023 ఒప్పందంలో గంజాయి పరీక్షలే ఎత్తేసింది. చనిపోయింది స్టార్, సజా గల్లీకి, మాఫీ మళ్లీ స్టార్లకు. మనం పోతున్నది కూడా ఆ తోవనే.

ఇక మనవాళ్ల మాట. "నషా హరామ్, బాత్ ఖతం." నేను ముసల్మాన్ని, హరామ్‌ను హలాల్ చెయ్యమని అడగడం లేదు. శరాబు ఒక్క రోజులో హరామ్ కాలేదు, మెట్టు మెట్టుగా అయింది. తాగి మళ్లీ మళ్లీ దొరికిన మనిషికి సజా పడ్డాక జనం లానత్ పెడుతుంటే రసూలుల్లాహ్ వాళ్లను ఆపిన సంగతి మదర్సా పిల్లలకు కూడా తెలుసు. సజా వేరు, లానత్ వేరు. మన మొహల్లా మొదలుపెట్టేదే లానత్‌తో.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. లీగ్ ఆడే ప్రతి క్లబ్బు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి: నషాతో దొరికితే ఎన్నాళ్లు బయట, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి, ఏ రోజు తిరిగి రావచ్చు. పోలీస్ స్టేషన్‌లో కేసు రాసే చేత్తోనే 64ఏ గురించి తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించాలి. అమ్మేవాణ్ణి వదలొద్దు. తాగి పాడైన పిల్లగాణ్ణి మొదటిసారి ఆసుపత్రికి పంపండి.

హోటల్లో కప్పు కొట్టిన మా దోస్తుకు ఒక మాట. నీ కోపం సరైనదే భాయ్, దిశ తప్పింది. రబాడాకు నెల రోజులే ఎందుకు అని అడగకు. ఆ నెల రోజులు మన పిల్లలకు ఎందుకు లేవు అని అడుగు.

ఆ పిల్లగాడు ఇప్పుడు వారానికోసారి ఎర్రగడ్డ ఆసుపత్రికి పోతున్నాడు. గుల్తీ ఒప్పుకోలేదు. 64ఏ కింద అర్జీ పెట్టమని వేరే వకీల్‌ను మాట్లాడుకున్నాం. అదాలత్ ఏమంటుందో చూడాలి. పోయిన ఆదివారం వాళ్ల అబ్బా నాకు ఒక పాత తెలుగు నిఘంటువు ఇచ్చి, పైసలు వద్దన్నాడు. నేను పైసలు ఇచ్చే వచ్చాను. వచ్చే పేషీకి ఆ కాగితాలు చదవడానికి నేను కూడా పోతున్నా.