అరువు పాలెట్లు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి కేఫుల్లో వారాంతాల్లో పెయింటింగ్ వర్క్‌షాపులు నడుస్తుంటాయి. నాలుగైదింటికి నేనూ వెళ్ళాను. ప్రతిసారీ కొత్త మనుషులే, కానీ కాన్వాసులు మాత్రం అవే: బూడిద కలిసిన ఆకుపచ్చ, వెలిసిన గులాబీ, ఇసుక రంగు. అందరి ఫోన్లలోనూ పాలెట్ యాప్ ఉంది మరి. ఒక్క ట్యాప్‌తో ఐదు రంగులు వరసగా వచ్చేస్తాయి. అవి పూసేస్తే 'కలర్ స్కీమ్' కుదిరినట్టేనట. ఇది రంగులు నేర్చుకోవడం కాదు, నేర్చుకోకుండా తప్పించుకోవడం.

యాప్ డిజైనర్‌కి పనికొస్తుంది, కాదనను. ఒక బటన్ లక్ష ఫోన్లలో ఒకేలా కనబడాలంటే ఆరక్షరాల కోడ్ ఉండాల్సిందే. కానీ తెర మీద రంగు అంటే వెలుతురు. కాన్వాసు మీద రంగు అంటే వెలుతుర్ని కొంత మింగి కొంత వదిలే పదార్థం. తెర మీద నీలం, పసుపు కాంతులు కలిస్తే తెలుపు వైపు వెళ్తాయి. అవే రంగుల్ని పళ్ళెంలో కలిపి చూడండి, ఆకుపచ్చ అవుతుంది. కోడ్ దగ్గరే కథ అడ్డం తిరిగింది.

అసలు లోపం ఇంకోటి. యాప్ ఐదు రంగుల్నీ సమానమైన పట్టీలుగా చూపిస్తుంది. ఏది ఎంత వెయ్యాలో, ఏది దేని పక్కన ఉండాలో చెప్పదు. బొమ్మ నిలబడేదీ కూలేదీ అక్కడే కదా! పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్లదారం వెలిసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులొచ్చాయి. అద్దకాల విభాగం చూసే షెవ్రల్ వెతికితే తేలిందేమిటంటే, దోషం దారంలో లేదు, దాని పక్కనున్న రంగుల్లో ఉంది. 1839లో ఆయన దీని మీద పుస్తకమే రాశాడు.

ఈ సంగతి మనవాళ్ళకి పుస్తకం లేకుండానే తెలుసు. చెరియాల పటం చూడండి. నేపథ్యమంతా ఎరుపు. దాని మీద పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు ఎన్ని వచ్చినా చెదిరిపోవు, ఆ ఎరుపే అన్నిటినీ కట్టి ఉంచుతుంది. బతుకమ్మ పేర్చే ఆడవాళ్ళని చూడండి. తంగేడు పసుపు ఎన్ని వరసలు, రంగులద్దిన గునుగు ఎన్ని వరసలు, మధ్యలో తెల్ల గునుగు ఎక్కడ వదలాలి... చెయ్యి ఆగి, కళ్ళు చూసి, మళ్ళీ చెయ్యి కదులుతుంది. తోట వైకుంఠం బొమ్మల్లో ముదురు గోధుమ వన్నె ముఖం పక్కన ఎర్రచీర అంతలా వెలగడానికీ ఆ పొరుగే కారణం.

అయినా వర్క్‌షాపుల్లో ఈ రంగుల పేరెత్తితే 'లౌడ్', 'మాస్', 'ఊరి టైపు' అంటారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అద్దె ఫ్లాట్ సోఫాకి మ్యాచయ్యే రంగుల్ని 'మంచి టేస్ట్' అని, అమ్మ కట్టే చీరలోని రంగుల్ని 'గోల' అని అనడం రంగుల సిద్ధాంతం కాదు. అది కులాసా జీతగాళ్ళ సిగ్గు. మెత్తని రంగులు తప్పని నేననను. ఎంచుకుని వేస్తే అవీ బొమ్మే. ఊరి రంగులకి సిగ్గుపడి వేస్తే మాత్రం బొమ్మ కాదు, ముసుగు.

మరి ఎలా నేర్చుకోవాలి? ఎరుపు, పసుపు, నీలం, తెలుపు: నాలుగు ట్యూబులు చాలు. ఒకే జామపండుని నాలుగు వేర్వేరు రంగుల నేపథ్యాల మీద వెయ్యండి. పండు రంగు మార్చకండి. అది ఎక్కడ పండినట్టుందో, ఎక్కడ పచ్చిగా కనబడుతోందో చూడండి. తర్వాత బొమ్మని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తియ్యండి. అంతా ఒకే బూడిదైపోతే వెలుగునీడల పాళ్ళు కుదరలేదన్నమాట, రంగులు మార్చి లాభం లేదు. ఫోన్ ఆమాత్రం పని చేస్తే చాలు.

మాదాపూర్‌లోనే స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, శిల్పారామం ఉంది. ఆఫీసు క్యాబ్ రోజూ ఆ చుట్టుపక్కలనుంచే వెళ్తుంది. ఒక శనివారం దిగి, ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడండి. ఏ రంగు ఎంత ఉందో లెక్కపెట్టండి. అది మీరే చెయ్యాలి, యాప్ చెయ్యదు.