మనవాళ్ళేనా?

జాషువాగారు 1941లో "గబ్బిలం" రాస్తూ, అంటరానివాడి మొరను కాశీ విశ్వనాథుడికి వినిపించే పని హంసకో మేఘానికో అప్పగించలేదు. పూజారి అడ్డుచెప్పకుండా గుడిలో దూరగలిగేది గబ్బిలమే గదా! మొన్న ఈ పాఠం చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "అంటరానితనం 1950లోనే రద్దయింది గదా మాస్టారూ!" అన్నాడు. నిజమే, రాజ్యాంగం 17వ అధికరణంలోనే ఉంది. పాపం, అతడుండేది హాస్టల్లో. అద్దె ఇల్లు వెతుక్కునే రోజింకా రాలేదు.

ఉద్యోగరీత్యా నేను మూడు ఊళ్ళలో వెతికాను. కులమేమిటని ఎవరూ అడగరండీ, అంత మర్యాదస్తులు! ముందు ఇంటిపేరు అడుగుతారు. దానితో తేలకపోతే సొంత ఊరు, ఊళ్ళో ఏ పేట. అప్పటికీ తేలకపోతే "నీచు వండుతారా అమ్మా?" అని మా ఆవిడను. "మనవాళ్ళేనా?" అని సూటిగా అడిగేవారే నయం, చెప్పుల అరుగుదల తగ్గుతుంది.

ఒక పెద్దాయన నేను తెలుగు ఎమ్మేనని విని పొంగిపోయారు. కాఫీ తెప్పించారు, పద్యాలు చదివించుకున్నారు. ఇంతలో మాటల్లో మా పేట పేరు వచ్చింది. "అయ్యో, మరిచానండీ! ఇల్లు మా బావమరిదికిస్తానని మాటిచ్చాను" అన్నారు. ఆ బావమరిది రాలేదు. "అద్దెకివ్వబడును" బోర్డు దీపావళి దాకా వేలాడింది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈమధ్య ఎవరైనా "మీదేవూరమ్మా?" అంటే జిల్లా పేరు చెప్పి ఊరుకుంటోంది. నేను నేర్పలేదు.