రౌటరు వాకిలి ఎవరి చేతిలో ఉన్నది?

పోర్టు అనగానే మన ప్రాంతము వారికి నిజాంపట్నమో, వాడరేవో స్ఫురించుట సహజము. కాని ఇంటిలోని ఇంటర్నెట్ పెట్టె, అనగా రౌటరు విషయమున పోర్టనగా రేవు కాదు, ద్వారము. ఉర్దూ సోదరులు దర్వాజా అందురు. ఆ మాటయే ఇచ్చట చక్కగా అమరును.

2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించిరి. నేడు పల్లె ఇండ్లలో సైతము రౌటర్లు కనబడుచున్నవి. వాటి వెంటనే కెమెరాలు వచ్చినవి. ఇంటి ప్రక్క కళ్ళములో ఆరబోసిన మిరపకాయను యజమాని గుంటూరు యార్డులో కూర్చుండి ఫోనులో చూచుకొనవచ్చును. ఇందుకై కెమెరా అమర్చిన వ్యక్తి రౌటరులో ఒక నియమము వ్రాసి వెళ్ళును. దానినే పోర్టు ఫార్వర్డింగు అందురు. ఆ నియమము ఏమిటో ఇంటివారికి తెలియకుండుట తగదని మా అభిప్రాయము.

ఇంటిలో పది పరికరములున్నను బయటికి కనబడు చిరునామా సాధారణముగా ఒక్కటే. పిలువకుండ బయటినుండి వచ్చిన కబురు ఏ పరికరమునకు చెందినదో రౌటరునకు తెలియదు, కావున త్రోసిపుచ్చును. 65,535 వరకు గల పోర్టు సంఖ్యలలో ఫలానా సంఖ్యకు వచ్చిన కబురును ఫలానా పరికరమునకు పంపుమని చెప్పుటయే ఆ నియమము. ముందుగా ఆ పరికరమునకు లోపలి చిరునామాను స్థిరపరచవలెను. లేనిచో రేపు అదే చిరునామా పిల్లల కంప్యూటరునకు దక్కి, వాకిలి దానివైపు తెరచుకొనును. ఒక్క పోర్టునే తెరువవలెను. డి.ఎం.జెడ్. అను మీట నొక్కినచో ఆ పరికరమునకు తలుపులన్నియు తెరచినట్లే. పరీక్షించునపుడు ఇంటి వైఫై కాక మొబైలు డేటా వాడవలెను. రౌటరునకు బయటివైపు వచ్చిన చిరునామా 10తో గాని, 100.64 నుండి 100.127 వరకు గల అంకెలతో గాని మొదలైనచో, ఎన్ని నియమములు వ్రాసినను ఫలితముండదు. అసలు వాకిలి సేవాసంస్థ వద్దనే ఉన్నది.

కెమెరా కొరకైతే ఈ వాకిలి తెరువకుండుటయే మేలని మేము నొక్కి చెప్పుచున్నాము. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారమున పెట్టిన సంకేతపదములు మార్చని కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వేలకొలది వశపరచుకొన్నది. దాని చేతిలోనున్నవి సుమారు 60 జతల పేర్లు, సంకేతపదములు మాత్రమే! ఆ అక్టోబరు 21న అట్టి పరికరముల దాడికి డిన్ అను సంస్థ తల్లడిల్లగా ట్విట్టరు వంటివి అనేకులకు అందకపోయినవి. పోర్టు సంఖ్య మార్చిన చాలునను వారు కలరు. సంఖ్యలన్నిటిని వెదకుట యంత్రమునకు కష్టము కాదు. వైర్‌గార్డ్ వంటి వి.పి.ఎన్. పెట్టుకొన్నచో తాళముగల ఒక్క ద్వారముతో పని జరుగును.

పరదా గౌరవించు ఇండ్లు మనవి. ముంగిట స్త్రీలు కూర్చుండి మిరపకాయ తొడిమలు తీయు దృశ్యము ఊరుపేరు తెలియని వాని తెరపై కనబడుట ఏ కుటుంబము సహించును? వీధితలుపునకు పరదా కట్టి రౌటరు తలుపు బార్లా తెరచుట ఏమి వివేకము!

కళాశాల సంఘము వారికి మా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో ఒక రౌటరు నుంచి, ప్రతి విద్యార్థిచేత ఒక నియమము వ్రాయించి, పరీక్షింపజేసి, తుడిపించవలెను. విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు నియమముల పట్టిక తెరచి చూడవలెను. ఎవరు వ్రాసిరో ఇంటివారు చెప్పలేని నియమమును తొలగించి, అడుగకయే వాకిళ్ళు తెరచు యు.పి.ఎన్.పి. మీటను ఆర్పి రావలెను.