ఇస్కూల్ అన్నందుకు నవ్వినవాళ్ళకి

మేము 'ఇస్కూల్' అంటే మీకు నవ్వు. 'ఇస్టేషన్' అంటే క్లాసు క్లాసంతా విరగబడి నవ్వుతుంది, అయ్యవారితో సహా. సాయిబుల నోట ఇంగ్లీషు ఇంతేరా అంటారు. మరి మీ బస్సులో, కారులో, స్కూలులో ఆ చివరి ఉకారం ఏ ఇంగ్లీషు నిఘంటువులో ఉంది? మీరు వెనక తగిలిస్తే అది వాడుక, మేము ముందు తగిలిస్తే అజ్ఞానం! స్పెయిన్ దేశస్థులు బడిని 'ఎస్క్వేలా' అంటారు. సకారం పక్కన ఇంకో హల్లు వచ్చి కూర్చుంటే వాళ్ళ నాలుకకి ముందొక అచ్చు ఊతం కావాలి. మా నాలుకకీ అంతే. దానికీ తెలివికీ సంబంధం లేదు. కానీ ఆ నవ్వు చేసే పని చేసేస్తుంది. పిల్లవాడు నోరు మూసుకుంటాడు. మాట్లాడితే తప్ప రాని భాషని నోరు మూసుకుని ఎట్లా నేర్వాలి?

మా పిల్లల నెత్తిన ఎన్ని భాషలున్నాయో ఎవరైనా లెక్కపెట్టారా? ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబ్బీ, ఆపైన ఇంగ్లీషు. కుడి నుంచి ఎడమకి కొంత, ఎడమ నుంచి కుడికి కొంత. ఉర్దూ మీడియం బడికి పోతే అక్కడి పుస్తకాల ఉర్దూ ఇంటి ఉర్దూ కాదు. 'నక్కో' అన్న పిల్లకి అక్కడా చీవాట్లే. దూదేకుల ఇళ్ళలో చాలాచోట్ల మాట్లాడేది తెలుగే. వాళ్ళని మా షరీఫులే 'నువ్వేం ముసల్మానువి' అని అడుగుతారు. ముషాయిరాలో వాహ్ వాహ్ అంటూ ఉర్దూ చచ్చిపోతోందని కన్నీళ్ళు పెట్టుకునే ఆ షరీఫుల పిల్లలు మాత్రం కాన్వెంటులో ఉంటారు.

మాతృభాషలోనే చదవాలని బోధించే తెలుగు పెద్దలదీ ఇదే కథ. వాళ్ళ పిల్లలు అమెరికాలో, వాళ్ళ ఉపన్యాసాలు మాకు. అయ్యా, ఏ మాతృభాష? 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో వైద్యమూ ఇంజనీరింగూ ఉర్దూలో చెప్పారు. దారుత్తర్జుమాలో కూర్చుని సైన్సు మాటల్ని ఉర్దూలో పుట్టించారు. అక్కడే ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా కూడా ఉండేది. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయింది, దానితోపాటు ఉర్దూ చదివినవాడి ఉద్యోగమూ పోయింది. ఆ నిజాం కాలంలో ఉర్దూ రాని తెలుగు పిల్లల్ని చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. అది మేము దాచం. అధికారం ఏ భాషలో ఉంటే ఆ భాష రానివాడిని చూసి నవ్వడం మాకు కొత్త సంగతేం కాదు.

ముస్లిం పిల్లలకి జ్ఞాపకశక్తి లేదనేవాళ్ళు ఒకసారి హాఫిజ్ పిల్లల ముందు కూర్చోవాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు ముప్పై పారాలు, ఆరు వేలకి పైగా ఆయతులు జేర్ జబర్ తప్పకుండా ఒప్పజెప్తాడు. అది ఇబాదత్. అర్థం తెలియకపోయినా ఆ చదువుకి పుణ్యముంది. మా బాధల్లా ఏమిటంటే, బడిలో ఇంగ్లీషునీ ఇట్లాగే నాజిరాగా చదివిస్తున్నారు. ప్రశ్నకి జవాబు గైడులోంచి బట్టీ. 'మై బెస్ట్ ఫ్రెండ్' వ్యాసం రాష్ట్రం మొత్తానికీ ఒకటే, ఆ ఫ్రెండు పేరు కూడా ఒకటే! ఈ నాజిరాకి పుణ్యమూ లేదు, పురుషార్థమూ లేదు.

ఇంగ్లీషు నిఘంటువంత మాటలు కావాలని భయపెట్టేవాళ్ళకి ఢాకా సంగతి చెప్పాలి. మైకేల్ వెస్ట్ అనే తెల్లవాడు అక్కడి టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలకి అరుదైన మాటలు గుప్పించి లాభం లేదనీ, తరచుగా వచ్చేవాటిని ఏరి వాటితోనే చదివించాలనీ పాఠాలు రాశాడు. 1953లో ఆయన అచ్చు వేయించిన జాబితాలో మాటలు రమారమి 2,000. మామూలు ఇంగ్లీషు పేజీలో ఎక్కువ భాగం ఆ మాటలే. మరి మా పిల్లల చేత 'ఫోటోసింథసిస్' స్పెల్లింగు వల్లె వేయించే బడి, 'గెట్', 'టేక్', 'పుట్' ఎన్ని రకాలుగా వాడతారో ఎందుకు చెప్పదు?

పైగా మా పిల్లలు ఒట్టి చేతులతో రారు. కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్ ఒకే వేరు నుంచి వచ్చాయని ఉర్దూ చదివిన పిల్లకి తెలుసు. యాక్ట్, యాక్టర్, యాక్షన్, యాక్టివ్ అట్లాంటి కుటుంబమే అని ఒక్క మాట చెప్తే చాలు, నాలుగూ ఒకేసారి పట్టుకుంటుంది. అసలు ఇంగ్లీషువాడి మూటలోనూ మా సరుకుంది. మాన్సూన్ మన మౌసమే. మేగజీన్ అరబ్బీ మఖాజిన్, అంటే గిడ్డంగులు. దూదేకులవాడు ఏకే దూది 'కాటన్' అయింది అరబ్బీ 'ఖుత్న్' నుంచే. ఇవి ఏ పాఠంలోనైనా చెప్పారా?

ఇక మమ్మల్ని చూసి పంక్చర్ షాపోళ్ళు అంటారు కదా, ఆ షాపుకే వెళ్దాం. టైరు, ట్యూబు, వాల్వు, క్లచ్, పిస్టన్, బేరింగ్ - షెడ్డులో పనిచేసే కుర్రాడి నోట వంద ఇంగ్లీషు మాటలు రోజూ ఆడతాయి. 'క్లచ్ జారుతోంది, ప్లేటు మార్చాలి' అన్నది ఇంగ్లీషులో చెప్పడానికి వాడికి ఎంత దూరం? రెండు నామవాచకాలూ చేతిలోనే ఉన్నాయి. కావలసింది రెండు క్రియలు. ఇంకొకటి: ఉర్దూలోనూ తెలుగులోనూ క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెనకే వస్తుంది. ఆ ఒక్క జరుపుడు నెల రోజులు రోజూ పది వాక్యాలలో చేయిస్తే వాడి నోరు తిరుగుతుంది. కానీ ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అమ్మే దుకాణాలు వాడికి ఏం నేర్పుతాయి? ఫైవ్ స్టార్ హోటల్లో టేబుల్ ఎట్లా బుక్ చెయ్యాలో! డబ్బు కట్టి, అక్కడా సిగ్గుపడి, వారంలో మానేస్తాడు. మా ఆడపిల్లలకైతే సాయంత్రం బ్యాచీ అంటేనే ఇంట్లో గండం.

2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియంలో మొదలయ్యాయి. 2022-23 నుంచి అక్కడి ప్రభుత్వ బడులన్నిట్లోనూ ఆ మీడియమే మొదలుపెట్టారు. వద్దని మేము అనం. మీడియం మార్చడం ఒక జీవోతో అయ్యే పని. నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్కొక్కరి చేతా రోజుకి రెండు నిమిషాలు మాట్లాడించడం జీవోతో అవ్వదు. మేము అడిగేది అదే. టైంటేబుల్లో పిల్లలు మాట్లాడే పీరియడు, పరీక్షలో ఆ మాటకి మార్కులు, పిల్లల ఇంటి భాష తెలిసిన టీచరు. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు, ముందు వాక్యం పూర్తి కానివ్వండి.