హైవే బండి... ఊళ్లో కాపురం

కాలేజీ రోజుల్లో ముచ్చటపడి కొన్న బండి. శ్రీశైలం ఘాట్ ఎక్కింది, అరకు చూసొచ్చింది. ఇప్పుడు దాని యజమానికి ఉద్యోగం, పెళ్లాం, నర్సరీకి వెళ్లే పాప. రోజూ పోనూరానూ పాతిక కిలోమీటర్లు, దారిలో పదిహేను సిగ్నళ్లు. సాయంత్రానికి మణికట్లు లాగేస్తాయి, నడుం పట్టేస్తుంది. 'ఆ బండి అమ్మేసి స్కూటర్ కొనుక్కోకూడదూ' అని ఇంట్లో ఒకటే పోరు. ఆయనకేమో అమ్మబుద్ధి కాదు. ఇలాంటి ఇళ్లు తెలుగునాట తక్కువేం లేవు.

వేగానికి వేగం, దూరానికి దూరం... ఈ రెండూ కలిసిన బండే స్పోర్ట్ టూరర్. 2003లో 223 సీసీ ఇంజినుతో హీరో హోండా కరిజ్మా వచ్చాక మన కుర్రకారుకి ఈ తరహా మీద మోజు పెరిగింది. 2007లో పల్సర్ 220, 2011లో హోండా సీబీఆర్ 250ఆర్ దిగాయి. వీటి హ్యాండిళ్లు రేసు బండ్లంత కిందికేం ఉండవు. అయినా మామూలు బండి కన్నా కాస్త ముందుకి వాలాల్సిందే.

నొప్పంతా ఆ 'కాస్త'లోనే ఉంది. హైవే మీద ఎనభై, తొంభైలో పోతుంటే ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది. ముందుకి వాలిన మనిషి బరువులో కొంత ఆ గాలే మోస్తుంది. ఊళ్లో ముప్ఫై దాటని వేగంలో అంత గాలెక్కడిది? భారమంతా మణికట్ల మీదే పడుతుంది. దానికి తోడు గంటకి వందసార్లు క్లచ్ నొక్కుడు. అంటే తప్పు బండిది కాదు, నడిపేవాడి వయసుదీ కాదు. హైవేకి కుదిర్చిన కొలతలతో ఊళ్లో తిరగడమే అసలు తంటా.

పైసా ఖర్చులేని సవరణతో మొదలుపెట్టొచ్చు. బండెక్కి మామూలుగా కూర్చుని, వేళ్లు క్లచ్, బ్రేకు లివర్ల మీద పెట్టి చూడాలి. మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉండాలి. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే లివర్ బిగింపు కొంచెం వదులు చేసి కిందికి తిప్పుకుంటే సరి. గేరు లివరూ అంతే. బూటు కింద పాదం ఇరుక్కోకుండా ఎత్తు మార్చుకోవచ్చు. ఇంకో కిటుకు: పొట్ట, తొడలు బిగించి మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుంటే చేతుల మీద సగం భారం దిగిపోతుంది. చాలామంది ఈ పాటి దానికి మెకానిక్‌ని కూడా అడగరు, నేరుగా నొప్పి మాత్రలు కొంటారు!

ఇంతా చేసినా తగ్గకపోతే హ్యాండిల్‌ని ఎత్తు చేసే ముక్కలున్నాయి. అరంగుళం, అంగుళం తేడాతోనే నడుముకి ప్రాణం లేచొస్తుంది. అయితే వేయించాక హ్యాండిల్‌ని కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పి చూడాలి. ఇంజిను చప్పుడు దానంతటదే పెరిగితే యాక్సిలరేటర్ తీగ బిగుసుకుందని అర్థం. బ్రేకు గొట్టం సాగకూడదు, బొటనవేలు ట్యాంకుకి తగలకూడదు. ఈ పరీక్ష చేయకుండా షాపు నుంచి బండి తీసుకురావడం ప్రమాదం.

ఊళ్లో పికప్ కోసం స్ప్రాకెట్ మార్పించేవాళ్లూ ఉన్నారు. ముందు చక్రానికి ఒక పన్ను తగ్గించడం (ఈ పన్ను సర్కారుది కాదు) వెనక దాదాపు మూడు పళ్లు పెంచడంతో సమానం. సిగ్నల్ దగ్గర బండి దూకుతుంది, హైవేలో మాత్రం ఇంజిను అరుస్తుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. దానికన్నా ట్రాఫిక్‌లో ఒక గేరు తక్కువలో నడిపితే ఖర్చులేదు. చైను మాత్రం మాన్యువల్లో చెప్పినంత వదులుంచాలి. బిగిస్తే మంచిదనుకుంటే బేరింగులు పోతాయి.

ఇక చెవులు చిల్లులుపడే సైలెన్సర్, కళ్లు బైర్లు కమ్మే బల్బు. వీటితో నడుంనొప్పి తగ్గదు. కేసు మాత్రం పడుతుంది. కంపెనీ కొలతలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతిలేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. హ్యాండిల్ ముక్కల సంగతి కూడా ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు.

తిరిగి పెట్టించాల్సినది ఒకటుంది. లుక్కు పాడవుతోందని కాలేజీ రోజుల్లో పీకేసిన చీర గార్డు! వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రం సగమైనా కప్పి ఉండాలనీ, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునేందుకు ఫుట్‌రెస్టు ఉండాలనీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. చున్నీ చుట్టుకుంటే మనిషి కింద పడటానికి క్షణం చాలు. పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టడం కూడా మానాలి. హ్యాండిల్ తిరిగేది ఆ చిన్న మోకాళ్ల దగ్గరే. 2023 ఫిబ్రవరి నుంచి తొమ్మిది నెలలు మొదలు నాలుగేళ్లలోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే బెల్టు తప్పనిసరి. వేగం 40 దాటకూడదు.

ఇద్దరెక్కినప్పుడు వెనక షాకబ్జర్ల స్ప్రింగుని ఒకట్రెండు మెట్లు బిగించాలి. లేకపోతే వెనక కుంగి, ముందు లైటు ఎదుటివాడి కళ్లలోకి లేస్తుంది. వెనక టైరులో గాలి కూడా పెంచాలి. ఎంతన్నది చాలా బండ్లకి చైను కవర్ మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఆదివారం అత్తగారింటికి ఇద్దరూ వెళ్లేటప్పుడు బిగించిన స్ప్రింగుని, సోమవారం ఆఫీసుకి ఒక్కడే వెళ్లేటప్పుడు మళ్లీ వదులు చేసుకోవాలి. రెండు నిమిషాల పని. దానికి కావలసిన వంకర పానా చాలా కంపెనీలు బండితోనే ఇస్తాయి. సీటు ఎత్తి చూస్తే, కొన్ననాటి ప్లాస్టిక్ సంచిలోనే తుప్పుపడుతూ కనిపిస్తుంది.