చేపలకును చెవులు గలవు

నదికి మనుష్యులు చేయు కీడును లెక్కించునపుడు మురుగునీటిని చెప్పుదుము, విషములను చెప్పుదుము. రొదను చెప్పువారు అరుదు. చేప నోరులేని ప్రాణి గనుక చెవులును లేనిదని పలువురు తలంతురు. అది సత్యము కాదు.

గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో సుమారు 1,500 మీటర్లు. విద్యార్థులారా, చెరువులో ఒకరు మునిగియుండగా మరియొకరు నీటిలోపల రెండు రాళ్లు తట్టినయెడల ధ్వని నీటిలోను పోవునని తెలియును. చేపకు వెలుపల చెవిడొప్పలు లేకున్నను తలలోపల చెవులు గలవు. మన కృష్ణలోని బొచ్చె, శీలావతి, వాలుగ మొదలగువానికి గాలితిత్తినుండి చెవివరకు సన్నని ఎముకల గొలుసు గలదు. 1820లో వెబర్ అను జర్మను పండితుడు దీనిని వర్ణించెను. దీనివలన అవి అనేక ఇతర జాతులకంటె చక్కగా వినును. ఆ వినికిడియే యంత్రములయొద్ద వానికి బాధయగును.

2006లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు డాన్యూబు నదిలోను, అచటి సరస్సులలోను ఓడల ధ్వనిని పట్టి మూడు జాతుల చేపలకు వినిపించిరి. మూడింటియందును కలతను తెలుపు కార్టిసాల్ అను రసము హెచ్చెను. ఒకే తీరున సాగు ధ్వనికి అట్లు హెచ్చలేదు. పడవ యింజనువలె లేచుచు పడుచుండు రొదయే వానిని కలచెనన్నమాట.

మన నల్లపాడునకు ఉత్తరమున ప్రవహించు కృష్ణలో ముక్త్యాల మొదలు విజయవాడ వరకు 82 కిలోమీటర్ల భాగము 2008లో ప్రకటింపబడిన 4వ జాతీయ జలమార్గములోనిది. ప్రకాశం బ్యారేజి ఎగువను డ్రెడ్జర్లు ఇసుక తోడుటయు మన మెరిగినదే. ఇండ్లకు ఇసుక కావలెను. సరకులకు పడవలు కావలెను. వానిని మానుమనుట న్యాయము గాదు. అయినను పనికి కాలనియమ ముండవచ్చును గదా!

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు యాంత్రిక పడవలు సముద్రములో వేటాడరాదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఆ నియమము. నదిలోని బొచ్చె, శీలావతి వానకాలపు వరదలలో గ్రుడ్లు పెట్టును. ఆ నెలలలో నదిలో డ్రెడ్జరు మ్రోగరాదు. నీటిలోని ధ్వనిని పట్టు హైడ్రోఫోను అను సాధనము గలదు. యంత్రమునకు అనుమతి నిచ్చు అధికారులు ఇసుక కొలతతోపాటు రొద కొలతను గూడ అడుగవలెను.

వలయే జీవనముగాగల కుటుంబములు ఏటిగట్టున నున్నవి. చేప తన బాధను చెప్పుకొనలేదు. దాని పక్షమున చదువుకొన్నవారు మాటలాడవలెను.