ఉరి చర్చలో మరుగున పడుతున్న దర్యాప్తు

చిలకలూరిపేట: ఘోరమైన నేరం జరిగిన ప్రతిసారీ ఊరూవాడా ఒకే మాట వినిపిస్తుంది. నిందితులను ఉరి తీయాలి. కొవ్వొత్తుల ప్రదర్శన అయినా, కలెక్టరేట్ ఎదుట ధర్నా అయినా, ఆర్డీవోకు అందజేసే వినతిపత్రం అయినా చివరి వాక్యం అదే. మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చి 10న నల్గొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. నెల రోజుల లోపే, ఏప్రిల్ 8న, దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో అయిదుగురి ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. దీంతో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో మరణశిక్షపై వాదప్రతివాదాలు మరోమారు ముందుకు వచ్చాయి. చిలకలూరిపేట వాసులకు మాత్రం ఈ వాదన కొత్త కాదు. మూడు దశాబ్దాల క్రితమే ఈ పట్టణం పేరు దేశవ్యాప్తంగా ఉరిశిక్ష చర్చలో నలిగింది.

1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేటకు వస్తున్న ఆర్టీసీ బస్సు దగ్ధమై 23 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. దోపిడీకని బస్సెక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారన్నది ప్రాసిక్యూషన్ అభియోగం. 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష విధించింది. మరుసటి ఏడాది హైకోర్టు, ఆ వెంటనే సుప్రీంకోర్టు దానిని ఖరారు చేశాయి. నాటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. 1997 మార్చిలో రాజమండ్రి కేంద్ర కారాగారంలో ఉరికి ఏర్పాట్లు జరిగి, ఆఖరి ఘడియల్లో ఆగిపోయింది. చివరకు 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వారి శిక్షను యావజ్జీవంగా మార్చారు.

ఆ మార్పు వెనుక రచయితలు, న్యాయవాదులు, హక్కుల సంఘాల సుదీర్ఘ ఆందోళన ఉంది. ముద్దాయిలిద్దరూ పేద దళిత యువకులని, దోపిడీయే తప్ప ఇంతమందిని చంపాలన్న ఉద్దేశం వారికి లేదని ఉద్యమకారులు వాదించారు. బస్సులో కాలిపోయినవారి ప్రాణాలకు విలువ లేదా, వారి కుటుంబాల గోడు ఎవరికీ పట్టదా అని ఎదుటి పక్షం ప్రశ్నించింది. న్యాయమైన ప్రశ్నే. దానికి హక్కుల సంఘాల వద్ద సంతృప్తికరమైన సమాధానం ఉన్నట్లు నాడూ కనిపించలేదు, నేడూ కనిపించదు.

అయితే అదే నాటి గుంటూరు జిల్లాలో మరో కేసును పక్కన పెట్టి చూస్తే సంగతి వేరుగా తోస్తుంది. బస్సు దహనానికి రెండేళ్ల ముందు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికి చంపారు. పదహారేళ్ల తరువాత, 2007లో, ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం విధించింది. ఒక్కరికీ ఉరి పడలేదు. 2014 ఏప్రిల్ 22న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షలను సైతం కొట్టివేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బస్సు కేసులో నేరం నుంచి సర్వోన్నత న్యాయస్థానం తీర్పు వరకు పట్టిన కాలం మూడున్నరేళ్లు. చుండూరులో కింది కోర్టు తీర్పునకే పదహారేళ్లు. ఉరి ఉండాలా వద్దా అన్న ప్రశ్న కంటే, అది ఎవరి మెడ వరకు చేరుతోంది, ఎవరి దగ్గర సాక్ష్యం చాలక ఆగిపోతోంది అన్న ప్రశ్న ఈ ప్రాంతానికి దగ్గరిది.

చట్టం ఏమంటోందో కూడా చూడాలి. హత్యకు యావజ్జీవమే సాధారణ శిక్ష, ఉరి విధిస్తే ప్రత్యేక కారణాలు రాయాలి అన్న నియమం 1973 నాటి నేర విచారణ స్మృతితో వచ్చింది. ఆ మార్పు అమలులోకి వచ్చిన 1974లోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎడిగ అన్నమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉరిని యావజ్జీవంగా తగ్గిస్తూ, నేరాన్ని మాత్రమే గాక నేరస్థుడి వయసును, పరిస్థితులను కూడా చూడాలన్నారు. ఆరేళ్ల తరువాత బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని, అది అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకే పరిమితం కావాలని తేల్చింది. జస్టిస్ భగవతి ఒక్కరే విభేదించారు. ఏది అరుదైనదో తూచే తక్కెడ మాత్రం నేటికీ జడ్జి జడ్జికీ మారుతూనే ఉంది. ఉగ్రవాద కేసులు మినహా మిగిలిన నేరాలకు ఉరి రద్దు చేయాలని 2015లో లా కమిషన్ సిఫారసు చేసినా పార్లమెంటు ఆ దిశగా అడుగు వేయలేదు.

వేగం ఒక్కటే న్యాయమన్న భావన ఇటీవలి కాలంలో బాగా బలపడింది. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందుపై జరిగిన దారుణంలో కింది కోర్టు రెండు నెలలు నిండకుండానే ఉరిశిక్ష విధించింది. న్యాయం జరిగిందని అందరూ అనుకున్నారు. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దానిని మరణించే వరకు జైలుశిక్షగా మార్చింది. ఆ మార్పుకు తీర్పునాటి ప్రచారంలో పదో వంతు కూడా దక్కలేదు. ఆ మరుసటి నెల ఆరున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. విచారణ లేదు, తీర్పు లేదు. అయినా పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెలుగు చూసింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. పూలు చల్లిన చేతుల్లో ఎన్ని ఆ నివేదికను తిరగేశాయో! ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ పూర్తి చేసి ఉరిశిక్ష విధించేలా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం లభించలేదు.

తొందరపాటు ఏం చేయగలదో కృష్ణా తీరాన జరిగిన మరో కేసు చెబుతుంది. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఓ హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రం అట్టుడికింది. మరుసటి ఏడాది ఓ నిరుపేద దళిత యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. అసలు దోషులు వేరే ఉన్నారని, అతడు కాదని హతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ మొత్తుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవం విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేస్తూ దర్యాప్తు తీరును తప్పుపట్టింది. కేసు తిరిగి సీబీఐకి వెళ్లింది. నాడు వీధుల్లో మిన్నంటిన ఉరి డిమాండును కోర్టు మన్నించి, శిక్ష అమలై ఉంటే ఎనిమిదేళ్ల జైలు జీవితం తరువాత ఇంటికి చేరేందుకు మనిషి మిగిలేవాడు కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇంత పోరాటం తరువాతా దక్కింది ప్రశ్నలే.

ఉరి వేస్తే నేరాలు తగ్గుతాయన్న వాదననూ పూర్తిగా తోసిపుచ్చలేకపోవచ్చు గానీ, దానికి తెలుగు నేలపై ఆధారం చూపడం కష్టం. అత్యవసర పరిస్థితి కాలంలో 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. గత నాలుగు దశాబ్దాలకు పైగా ఇక్కడ ఒక్క ఉరీ అమలు కాలేదు. దేశం మొత్తం మీద చివరిసారి 2020 మార్చి 20న తీహార్ జైలులో ఢిల్లీ నిర్భయ కేసు దోషులు నలుగురిని ఉరి తీశారు. మరోవైపు కింది కోర్టులు ఉరిశిక్షలు విధిస్తూనే ఉన్నాయి. జాతీయ రహదారిపై లారీ డ్రైవర్లను హతమార్చిన ముఠా కేసులో 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరి ఖరారు చేసింది. గుంటూరులో పట్టపగలు నడివీధిలో ఇంజినీరింగ్ విద్యార్థినిని పొడిచి చంపిన కేసులో 2022 ఏప్రిల్ 29న ముద్దాయికి అదే శిక్ష పడింది. హైకోర్టు ధ్రువీకరిస్తే తప్ప ఇవేవీ అమలు కావు. ఆ తరువాత సుప్రీంకోర్టు, ఆపై గవర్నరు, రాష్ట్రపతి. తీర్పు రోజున మిఠాయిలు పంచిన బంధువులు ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలు లెక్కపెట్టుకోవలసిందే.

ఈలోగా నిబంధనలు మారాయి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, అప్పీలు తిరస్కరణకు గురైన సంగతి జైలు సూపరింటెండెంట్ తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లోగా క్షమాభిక్ష కోరాలి. గవర్నరు నిరాకరిస్తే రాష్ట్రపతిని ఆశ్రయించేందుకు 60 రోజులే గడువు. ముద్దాయి కుటుంబ నేపథ్యం, మానసిక స్థితి, జైలు ప్రవర్తనపై నివేదికలు విచారణ దశలోనే తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. సొంత వకీలును పెట్టుకోలేక న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన న్యాయవాది మీదే ఆధారపడే ముద్దాయికి ఆ కాగితాలు సకాలంలో కోర్టుకు చేరడమే చావుబతుకుల సమస్య.